బంగారు టోపీ ఫ్యూజు

పోయిన వారం మనం కోడల్ని తెరలా కట్టిన దుప్పటి వెనక, ఒక చేతిలో రెండు ఫ్యూజులు, ఇంకో చేతిలో స్క్రూడ్రైవరుతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. దుప్పటికి అవతల ముందుగదిలో కుర్చీలు సర్దుకుంటున్న చప్పుడు. మధ్య కుర్చీలో మామగారు కళ్ళు మూసుకుని, అరచేతులు మోకాళ్ళ మీద ఆనించి, పెద్ద పరీక్షకి కూర్చున్న పిల్లాడిలా ఉన్నారు.

ఈ వారమే కథలో అడుగుపెట్టినవాళ్ళకి నాలుగు మాటలు. మామగారు పియానోలు శృతి చేసే మనిషి. ఊళ్ళో సంగీత భవనంలోని పెద్ద పియానో నలభై ఏళ్ళు ఆయన చెవి మీదే బతికింది. పదకొండు నెలల కిందట ఒకరోజు ఇంట్లో పాటలు పెట్టుకుంటే, ఎప్పుడూ రెండు స్పీకర్ల మధ్య గోడలోంచి నడిచొచ్చినట్టు వినిపించే గాయని గొంతు చెదిరిపోయింది. నీళ్ళు కలిపిన పాలలా పలచబడింది. ఎక్కడ నిలబడి పాడుతోందో తెలియదు. ఎడమ చెవి పోయిందనుకున్నారు ఆయన. డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి భయపడి, ఇంట్లోవాళ్ళతో తప్ప ఎవరితోనూ అనకుండా, భవనం పని శిష్యురాలికి అప్పగించి ఇంట్లో కూర్చున్నారు. నెల కిందట స్నేహితుడైన కళ్ళ డాక్టరు రెండు కొసలా బంగారు పూత పూసిన ఫ్యూజు ఒకటి తెచ్చిచ్చాడు. యాంప్లిఫయరు వెనక పాత ఫ్యూజు తీసి ఇది పెడితే పాటకి ప్రాణం లేచొస్తుందన్నాడు. కోడలు బిగించింది. గొంతు మళ్ళీ వచ్చి గోడ మధ్యలో నిలబడింది. మామగారు ఏడ్చినంత పని చేశారు.

ఆ రోజు కోడలు ఫ్యూజు ఒక్కటే మార్చలేదు. ఆ సంగతి ఆమెకీ మనకీ తప్ప ఎవరికీ తెలియదు.

కోడలు పనిచేసేది ఫ్యాన్లూ ఇస్త్రీపెట్టెలూ బాగుచేసే దుకాణంలో. ఫ్యానుకి రెండు తీగల్లో ఏది ఎటు తగిలించినా తిరుగుతుంది. ఇస్త్రీపెట్టెకి ఏది ఎటు పెట్టినా కాలుతుంది. పదకొండు నెలల కిందట గోడలకి రంగు వేయించాక, సామాను మళ్ళీ సర్దుతూ ఎడమ స్పీకరు తీగల్ని ఆ అలవాటులోనే తగిలించేసింది. ఒక తీగ మీద సన్నటి ఎర్రచార ఉంటుంది. దుమ్ములో కనబడలేదు, కనబడినా పట్టించుకునేది కాదేమో. ఒక స్పీకరు ముందుకు తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతోందని, మామగారి చెవి నిక్షేపంగా ఉందని, ఫ్యూజు బిగించిన రోజు యాంప్లిఫయరు వెనక్కి తిప్పి చూసినప్పుడు గాని ఆమెకి తట్టలేదు. నాలిక కరుచుకుని, తీగలు సరిచేసి, చేతులు తుడుచుకుంది. అప్పుడే చెప్పేస్తే పోయేది. "వచ్చేసింది, ఆవిడ వచ్చేసింది" అని మామగారు ఇల్లంతా తిరుగుతుంటే చెప్పలేకపోయింది. మర్నాడు చెబుదామంటే, నిన్న ఎందుకు చెప్పలేదని అడుగుతారు కదా అనిపించింది. అలా నెల గడిచింది.

ఈలోగా ఫ్యూజు మహిమ మామగారి శనివారపు స్నేహితులంతా విన్నారు. వాళ్ళలో లిఫ్టులు బాగుచేసే ఆయన ఒక్కడూ నమ్మలేదు. మాటా మాటా పెరిగి ఈ పరీక్ష పుట్టింది. ఆరుసార్లు ఫ్యూజు మార్చాలి. లోపల ఉన్నది పాతదో కొత్తదో మామగారు విని చెప్పాలి. "చెప్పలేకపోతే పోయింది ఫ్యూజు కాదు, నా చెవే అన్నమాట. ఇక జన్మలో పియానో మూత ఎత్తను. చెప్పగలిగానా, సోమవారం పొద్దున్నే భవనానికి పోతాను" అని అందరి ముందూ అనేశారు. అన్నాక తిరుగులేని మనిషి.

రెండు ఫ్యూజులకీ ఆవగింజంత తేడా లేదని కోడలికి తెలుసు. ఆయన చెప్పలేరనీ తెలుసు. పొద్దుటినుంచి మూడుసార్లు చెబుదామని వెళ్ళి, మూడుసార్లూ కాఫీ కావాలా అని అడిగి వెనక్కొచ్చింది.

"ఏమ్మా, తయారేనా?" లిఫ్టాయన గొంతు. "చీటీలు నీ పక్కన గిన్నెలో వరసగా పేర్చాను, ఆ వరస నా కాగితం మీదా ఉంది. పైనుంచి ఒక్కొక్కటే తియ్యి. అందులో ఏది రాసుంటే అది పెట్టు. నువ్వు నోరు విప్పకూడదు, దగ్గకూడదు."

"ఊపిరి పీల్చుకోనిస్తారా?" అంది అత్తగారు.

"దానికి అభ్యంతరం లేదు వదినా."

కళ్ళ డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "ఫ్యూజు మీద బాణం గుర్తుంది, చూశావా అమ్మాయ్? బాణం లోపలివైపుకి ఉండాలి. తిరగేస్తే గుణం పోతుంది."

"కరెంటు సెకనుకి యాభైసార్లు అటూ ఇటూ పరిగెడుతుంటే, ఆ బాణం ఎవరికండీ దారి చూపిస్తోంది?" అన్నాడు లిఫ్టాయన. "ఇంతకీ చెవుల సంగతి కళ్ళ డాక్టరుకెందుకో!"

"చూపు లేనివాళ్ళకి చూపు తెప్పించడమే కదా నా పని. నీకూ తెప్పిస్తాను, ఉండు."

"ఇద్దరూ నోళ్ళు మూస్తే నేను వింటాను," అన్నారు మామగారు.

కోడలు మొదటి చీటీ తీసింది. పాతది.

మీట కట్టేసి, యాంప్లిఫయరు వెనక బొటనవేలంత మూత తిప్పి, ఫ్యూజు పెట్టింది. మూత బిగించింది. ఆ తర్వాత ఏం జరిగిందో ఆమెని అడిగితే ఆమె కూడా సరిగ్గా చెప్పలేదు. చెయ్యి దానంతటదే ఎడమ స్పీకరు తీగల దగ్గరికి పోయింది. రెండు మరలు వదులు చేసింది. ఎర్రచార తీగ నల్ల మర కిందికి, రెండోది ఎర్ర మర కిందికి. పట్టుమని పది క్షణాలు పట్టలేదు. మీట వేసింది.

పాట మొదలైంది. దుప్పటి వెనక కూడా తెలిసింది ఆమెకి, గొంతు గదంతా చెల్లాచెదురైపోవడం.

"పాతది," అన్నారు మామగారు వెంటనే.

లిఫ్టాయన కాగితం మీద గీత గీసిన చప్పుడు. రెండో చీటీ: కొత్తది. తీగలు సరిచేసింది.

"ఇదిగో, వచ్చింది. కొత్తది."

మూడో చీటీ కూడా కొత్తదే. ఏమీ కదపకుండా మూత తిప్పి మళ్ళీ బిగించింది.

"కొత్తదే. మార్చలేదు," అన్నారు ఆయన. "మార్చినట్టు చప్పుడు చేశావుగానీ, మార్చలేదు నువ్వు."

"అబ్బో!" అంది అత్తగారు. "పెళ్ళాం పిలిస్తే పక్కగదిలోకి వినబడదు గానీ!"

నాలుగోది పాతది. అదీ చెప్పేశారు. కళ్ళ డాక్టరు చప్పట్లు కొట్టాడు. లిఫ్టాయన కుర్చీ కిర్రుమంది. "నాలుగుకి నాలుగు. ఇంక మిగిలిన రెండూ దేనికి మాస్టారూ? నేను ఓడిపోయాను. రేపే ఒకటి తెప్పించుకుంటాను, నన్ను ఏమన్నా అనుకోండి."

"నేను చెప్పలేదూ?" అన్నాడు డాక్టరు. "బంగారం బంగారమే."

దుప్పటి వెనక కోడలు నేలమీద కూలబడింది. అయిపోయింది. సోమవారం ఆయన పనికి వెళతారు. అబద్ధమే గానీ, ఎవరి గొంతు కోసింది? ఆయన చెవి నిజంగానే మంచిది. ఆ నిజాన్ని దొడ్డిదారిన ఆయన చేతికి అందించింది, అంతే. రాత్రి మొగుడు డ్యూటీ దిగి వచ్చాక అతనికి చెప్పుకుంటే నవ్వుతాడు కూడా. ఇలా తనకి తానే సర్దిచెప్పుకుంటుంటే, గదిలో ఒక మనిషి మాత్రం ఏమీ మాట్లాడటం లేదని ఆలస్యంగా గమనించింది.

"ఆగండి," అన్నారు మామగారు.

"ఇంకా ఏమిటండీ? గెలిచారు కదా!"

"గెలిచాను. ఎలా గెలిచానో తెలియడం లేదు." కుర్చీ జరిగిన చప్పుడు. ఆయన లేచి స్పీకర్ల దగ్గరికి నడిచారు. "అమ్మాయ్, ఎడమ పెట్టె ఆపెయ్. కుడిది ఒక్కటే పాడనీ."

కోడలికి ఆ పద్ధతి తెలుసు. ఆయన పని చేస్తుండగా ఆమె ఎన్నోసార్లు చూసింది. పియానోలో చాలామటుకు ఒక్కో మెట్టుకి మూడేసి తీగలు. మూడూ కలిసి మోగుతుంటే తప్పు దేనిదో తెలియదు. అందుకని రెండు తీగల మధ్య ఉన్నిముక్క దూర్చి నోరు నొక్కేసి, ఒక్కోదాన్నీ విడిగా విచారిస్తారు ఆయన. ఇప్పుడు అదే చేస్తున్నారు.

నోరు విప్పకూడదన్న నియమం ఉంది కాబట్టి బతికిపోయింది. ఎడమ స్పీకరు తీగ ఊడదీసింది. ఆయన చెప్పినట్టే ముందు పాత ఫ్యూజు, తర్వాత కొత్తది పెట్టింది.

"తేడా లేదు," అన్నారు ఆయన.

"ఉండాలి మాస్టారూ! మళ్ళీ వినండి."

"వెంట్రుకవాసి కూడా లేదు డాక్టరుగారూ. ఇప్పుడు కుడిది ఆపు. ఎడమది."

ఎడమది ఒక్కటే పాడింది. పాతది, కొత్తది. ఆయన చెవి పెట్టెకి ఆనించినంత దగ్గరగా నిలబడ్డారని, దుప్పటి మీద పడుతున్న నీడని బట్టి తెలుస్తోంది.

"దీనికీ లేదు. ఇద్దరూ ఎవరింట్లో వాళ్ళు బుద్ధిమంతులే. కలిసినప్పుడే పోట్లాడుకుంటున్నారు." ఆయన గొంతు నెమ్మదిగా, తనలో తను మాట్లాడుకుంటున్నట్టుగా ఉంది. "ఫ్యూజు ఒక్కటే. రెండు పెట్టెలకీ కూడు అందులోంచే పోతుంది. అది పాడుచేస్తే రెండిట్నీ పాడుచెయ్యాలి. ఒకదాని మీదకి ఇంకోదాన్ని ఉసిగొల్పదు. ఉసిగొల్పింది ఎవరో, ఈ పెట్టెలకీ దానికీ మధ్య ఉన్నారు."

లిఫ్టాయన చిన్నగా ఈల వేశాడు. "తీగలు!"

"దుప్పటి తియ్యమ్మా," అన్నారు మామగారు.

తీసింది. తేలు కుట్టిన దొంగలా నిలబడింది. నలుగురూ చూస్తున్నది ఆమె మొహాన్ని కాదు, చేతిని. ఊడదీసిన కుడి స్పీకరు తీగ ఇంకా వేళ్ళ మధ్యే ఉంది.

"మీకోసమే మామయ్యా," అంది. అన్న మరుక్షణం ఆ మాట ఎంత చవగ్గా వినిపించిందో తెలిసి సిగ్గుపడింది. "మీరు చెప్పలేకపోతే చెవి పోయిందనుకుంటారు. మళ్ళీ భవనం గడప తొక్కరు. ఫ్యూజులో తేడా లేదు, ఎవరికీ వినబడదు. అందుకని..."

"అందుకని తీగలు తిరగేశావు."

"అవును."

"తిరగేస్తే ఈ చప్పుడు వస్తుందని నీకు ముందే తెలుసా?"

ఇదిగో, ఈ ప్రశ్న వస్తుందని నెల రోజులుగా ఆమె భయపడుతూనే ఉంది. తెలియదంటే సరిపోతుంది. లిఫ్టాయన నమ్ముతాడు, డాక్టరు నమ్ముతాడు. మామగారు మాత్రం తలొంచి, ఎడమ చెవి ఆమె వైపు తిప్పి వింటున్నారు.

"తెలుసు. రంగులు వేయించినప్పుడు నేనే తిరగేసి పెట్టాను. చూసుకోలేదు. ఫ్యూజు బిగించిన రోజు చూసి సరిచేశాను. మీకు చెప్పలేదు."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

ముందు మాట్లాడింది అత్తగారు. ఆవిడ గొంతులో ఎప్పుడూ ఉండే ఎకసెక్కం లేదు. "పదకొండు నెలలు, అమ్మాయ్. భోజనాల బల్ల దగ్గర ముప్ఫై ఆరేళ్ళు కూర్చున్న చోటు మార్చుకున్నాను. ఎడమ పక్కన కూర్చుంటే ఆయనకి వినబడదేమోనని కుడిపక్కకి వచ్చాను. ఎందుకు మారావని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. ఇద్దరం దొంగల్లా తిన్నాం. నీకు కనిపించలేదూ?"

కనిపించింది. కిటికీలోంచి ఎండ పడుతోందని మారారనుకుంది. కళ్ళనీళ్ళు తిరిగాయి గానీ, ఇప్పుడు ఏడిస్తే తననే ఓదార్చాల్సి వస్తుందని పళ్ళ బిగువున ఆపుకుంది.

"తప్పు నాదీ ఉంది," అన్నాడు కళ్ళ డాక్టరు. బంగారు టోపీల ఫ్యూజు యాంప్లిఫయరులోంచి ఊడదీసి అరచేతిలో పెట్టుకుని, చచ్చిన పురుగుని చూసినట్టు చూస్తున్నాడు. "పాట పలచబడిందన్నప్పుడు చెవి చూపించుకో మాస్టారూ అనాల్సినవాణ్ణి, ఇది తెచ్చి చేతిలో పెట్టాను. నాకూ నిజంగానే తేడా వినిపించింది సుమండీ! మా ఇంట్లో తీగలు ఎవరూ ముట్టుకోలేదు. మరి నాకేం వినిపించినట్టు?"

"దానికి ఇచ్చిన డబ్బు చప్పుడు," అన్నాడు లిఫ్టాయన. ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

మామగారు వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. ఎడమ చెవి పక్కన వేళ్ళు రెండు రాసి చూసుకున్నారు. కుడి చెవి పక్కన రాసి చూసుకున్నారు. మళ్ళీ ఎడమ. ఆయన మొహంలో కోపం కోసం వెతుకుతోంది కోడలు. తిట్టేస్తే బావుణ్ణు. తిట్లు అయిపోయాక అన్నం వడ్డించవచ్చు. ఈ ఇంటికి వచ్చిన తొమ్మిదేళ్ళలో అదే జరిగింది.

ఆయన మొహంలో ఉన్నది కోపం కాదు. లెక్క తప్పిన చోటు కోసం వెనక్కి వెనక్కి పోతున్న మనిషిలా ఉన్నారు.

"అయితే నా చెవి బాగానే ఉంది," అన్నారు.

"బాగానే ఏమిటి మాస్టారూ! దుప్పటి వెనక తీగలు మార్చారని చెప్పిన చెవి! నేను యంత్రం పెట్టి కొలిస్తే గాని చెప్పలేను," అన్నాడు లిఫ్టాయన.

"అప్పుడూ బాగానే ఉందన్నమాట. పదకొండు నెలల కిందటా."

"ఉంది మామయ్యా," అంది కోడలు. "మీ చెవికి ఎప్పుడూ ఏమీ కాలేదు."

ఆయన మొహం పాలిపోయింది. సంతోషిస్తారనుకున్నవాళ్ళందరూ తెల్లబోయి చూశారు. అత్తగారు లేచి వచ్చి ఎడమ పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. "ఏమైందండీ?"

"పని మానేసింది పాట పలచబడినందుకు కాదే," అన్నారు ఆయన. "నీకూ చెప్పలేదు. ఆ వారంలోనే భవనంలో పియానో చూడ్డానికి వెళ్ళాను. కింది మెట్లు కొడుతుంటే లోపల్నించి ఏదో గరగర. వినీ వినబడనట్టు. తీగది కాదు. తీగలన్నిట్నీ పట్టి ఉంచే ఇనుప చట్రం ఉంటుంది చూడు, అది బీట ఇస్తే వచ్చే చప్పుడు. ఎడమ చెవికే వినబడుతోంది. శిష్యురాల్ని పిలిచి వినమన్నాను. ఎన్నిసార్లు విన్నా, ఏమీ లేదు మాస్టారూ అంది. ఆమెది కుర్ర చెవి, నాది పోయిన చెవి. నాది భ్రమే అనుకున్నాను. అంతా బాగుందని కాగితం మీద సంతకం పెట్టి, తాళంచెవి ఆమెకిచ్చి, ఇంటికొచ్చేశాను."

"బీట ఉంటే ఏమవుతుంది?" అన్నాడు డాక్టరు.

బదులు లిఫ్టాయన చెప్పాడు. లిఫ్టుల మనిషికి బరువుల సంగతి తెలుసు. "తీగలన్నీ కలిపి ఇరవై టన్నులు లాగుతుంటాయి. చట్రం పట్టుకున్నంతసేపే. అది విరిగితే ఆ లాగుడంతా ఒక్కసారి పక్కనున్నవాళ్ళ మీదకి వదులుతుంది."

అత్తగారు గోడ గడియారం వైపు చూసింది. నాలుగూ పది. "ఇవాళ శనివారం కదండీ," అంది నెమ్మదిగా. "నాలుగున్నరకి అక్కడ పిల్లల కార్యక్రమం."

ఆ మాట పూర్తికాకముందే కోడలు ఫోను తీసింది. శిష్యురాలి నంబరు ఆమె దగ్గర ఉంది. అవతల ఎత్తగానే గోల, కుర్చీలు లాగుతున్న చప్పుడు, పిల్లల నవ్వులు. మామగారు చెయ్యి చాచారు. కోడలి చేతిలోంచి ఫోను అందుకునేటప్పుడు ఒక్క క్షణం ఆమె కళ్ళల్లోకి చూశారు. "నీ సంగతి తర్వాత," అన్నారు. అది బెదిరింపో, మాట ఇవ్వడమో ఆమెకి తెలియలేదు.

"నేనమ్మా," అన్నారు ఫోనులో. "నాకోసం ఒక్క పని చెయ్యి. ఏమిటీ ఎందుకూ అని అడక్కు. ఎడమ కొసనుంచి లెక్కపెట్టి, ఏడో తెల్లమెట్టు నొక్కిపట్టు. మెల్లగా కాదు, గట్టిగా. ఫోను పియానో పొట్టలో పెట్టు."

అలవాటుగా కుడి చెవికి పెట్టుకున్న ఫోనుని తీసి, ఎడమ చెవికి పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు.

ముందుగదిలో నలుగురూ ఆ మొహాన్నే చూస్తున్నారు. అవతల ఒక్కటే దెబ్బ. గదిలో వాళ్ళకి దూరంగా ఎక్కడో మూత పడ్డట్టు వినిపించిందంతే. మామగారు కదల్లేదు. ఆ మోత సన్నబడి, సన్నబడి, పూర్తిగా పోయేదాకా విన్నారు. పోయాక కూడా విన్నారు.

కళ్ళు తెరిచారు.

"వేదిక మీద ఎంతమంది పిల్లలున్నారమ్మా?" అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. "సరే. ముందు వాళ్ళని కిందికి దించు. ఇప్పుడే. నువ్వు కూడా దిగు. కాదు తల్లీ, పియానో మూత ముట్టుకోకు. దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు."